గోల్ఫ్ పటర్ కొనాలా? దిల్‌సుఖ్‌నగర్ ఇంటి జేబుకు సరిపడే లెక్క ఇదీ

ఎల్బీనగర్‌లో పొద్దున్నే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం ఆఫీసుకు వెళ్లే కుర్రాడు ఒకరోజు కంపెనీ వాళ్లతో కలిసి గోల్ఫ్ కోర్సు చూసొస్తాడు. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని "అబ్బా, నేనొక పటర్ కొనుక్కుంటా" అంటాడు. ఆ పటర్ ఏంటో చూద్దామని అమ్మీ ఫోన్‌లో వెతుకుతుంది. ఒకటి రెండు వేల చిల్లర, దాని పక్కనే ఇంకొకటి నలభై వేలకు పైనే. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. "ఇనుప కర్రకి నలభై వేలా? మీ చెల్లి ఫీజు కట్టొచ్చు కదా" అని ఆమె అడిగితే తప్పేముంది?

నిజంగానే ఆ రెండింటికీ తేడా ఏంటి? తక్కువ డబ్బుతో పనికొచ్చేది దొరుకుతుందా? దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ చుట్టుపక్కల స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే సాధారణంగా క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు, క్యారమ్ బోర్డులు చూపిస్తారు. గోల్ఫ్ గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కొనేవాళ్లకు ముందే నాలుగు విషయాలు తెలిసుండాలి, లేకపోతే డబ్బు పోతుంది.

అసలు పటర్ చేసే పని ఏంటి?

గోల్ఫ్‌లో ఒక ఆటగాడు బ్యాగులో గరిష్ఠంగా 14 కర్రలు పెట్టుకోవచ్చు. బంతిని దూరం కొట్టడానికి కొన్ని, మధ్య దూరానికి కొన్ని. బంతి గ్రీన్ మీదకు, అంటే నున్నగా కత్తిరించిన గడ్డి మీదకు చేరాక, దాన్ని దొర్లించి గుంటలో వేయడానికి వాడేది పటర్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది 'పుట్టర్' అని చదువుతారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇబ్బందేం లేదు, కోర్సులో మాత్రం పటర్ అనే అంటారు.

ఈ చిన్న కర్రకు అంత విలువ ఎందుకంటే, మామూలు 18 హోల్స్ కోర్సుకు పార్ 72 అనుకోండి. ప్రతి గ్రీన్ మీద రెండు పట్‌లు పడతాయన్న లెక్కతోనే ఆ పార్ పెడతారు. 18 రెళ్లు 36. అంటే లెక్క ప్రకారం ఆటలో సగం దెబ్బలు ఈ ఒక్క కర్రతోనే. మిగతా సగాన్ని 13 కర్రలు పంచుకుంటాయి.

గుంట ఎంత ఉంటుందో చూడాలంటే నాలుగు పది రూపాయల నాణేలు తీసి వరుసగా పెట్టండి. ఒక్కో నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు, నాలుగూ కలిపితే 108. గోల్ఫ్ గుంట వెడల్పు సరిగ్గా అంతే. బంతి దాదాపు 43 మిల్లీమీటర్లు. ఇప్పుడు పది అడుగుల దూరం నుంచి, అంటే మన హాల్‌లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, బంతిని అందులో వేయాలి. పటర్ ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా పది అడుగుల దగ్గర బంతి 5 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. గుంట మధ్య నుంచి అంచు దాకా ఉన్న దూరం అంతే! రెండు డిగ్రీలు తిరిగితే ఇక బంతి గుంటలో పడదు.

అందుకే పటర్‌లో చూడాల్సింది మెరుపు కాదు. చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు దాని ముఖం గురి వైపు సూటిగా పెట్టగలుగుతున్నామా, కొట్టేటప్పుడు అది మెలి తిరగకుండా ఉంటుందా అన్నదే. రెండు వేల పటరైనా, నలభై వేల పటరైనా ఈ పరీక్షకే నిలబడాలి.

ఖరీదు ఎక్కడ పెరుగుతుంది?

పటర్ తలను రెండు రకాలుగా తయారు చేస్తారు. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసేది ఒకటి, అది చవక. గట్టి ఉక్కు దిమ్మ నుంచి మెషీన్ మీద కోసి చెక్కేది ఇంకొకటి, దానికి సమయమూ ఖర్చూ ఎక్కువ. చెక్కిన పటర్ తాకిడి చేతికి మెత్తగా తెలుస్తుందని ఇష్టపడేవాళ్లున్నారు. అయితే బంతి ఎటు పోవాలో అటు పోవడానికి దానివల్ల కొత్తగా నేర్చుకునేవాడికి వచ్చే లాభం చాలా తక్కువ. మిగతా ధర అంతా పేరుకీ, ప్రకటనలకీ, దిగుమతి ఖర్చుకీ పోతుంది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పుకోవాలి. కార్స్టెన్ సోల్‌హైమ్ అని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు ఉండేవాడు. పెద్దయ్యాక గోల్ఫ్ మొదలుపెట్టి, తన పట్‌లు సరిగా పడటం లేదని విసుగొచ్చి, ఇంజినీరు బుర్రతో ఆలోచించాడు. తల బరువంతా మధ్యలో ఉంటే, బంతి కొంచెం పక్కకు తగిలినా తల గిర్రున తిరుగుతోంది. మరి బరువును రెండు చివరలకూ జరిపితే? 1966లో ఆయన గీసిన బొమ్మ 'పింగ్ ఆన్సర్' అనే పటర్ అయింది. ఆ బొమ్మ గీసింది గ్రామఫోన్ రికార్డు కవరు మీద అని చెబుతారు. పేరు పెట్టింది ఆయన భార్య లూయీస్. ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఉండాల్సిన ఒక అక్షరం పటర్ మీద పట్టకపోతే తీసేయమందట, అలాగే ఉండిపోయింది.

ఆ సూత్రం మనకు కొత్తదేం కాదు. కావడి మోసేవాడిని చూడండి. రెండు చివరలా బరువు వేలాడుతుంటే కావడిని టక్కున పక్కకు తిప్పడం కష్టం. అదే బరువు మధ్యలో భుజం దగ్గర కట్టేస్తే సులువుగా తిరుగుతుంది. పటర్ తల కూడా అంతే. బరువు చివరల్లో ఉంటే, బంతి మధ్యలో తగలకపోయినా ముఖం అంతగా మెలి తిరగదు.

కొనేవాళ్లకు ఈ కథతో పనేంటంటే, ఆ పేటెంట్ గడువు ఎప్పుడో ముగిసిపోయింది. ఆ రూపంలో ఇప్పుడు ఎవరైనా పటర్ చేయొచ్చు, చాలా కంపెనీలు చేస్తున్నాయి. కాబట్టి పేరులేని చవక పటర్ ఆ ఆకారంలో ఉంటే అది దొంగ సరుకేమీ కాదు. నిజాయితీగా తన సొంత పేరుతో అమ్ముతున్నంత వరకు నిశ్చింతగా కొనొచ్చు. పెద్ద బ్రాండు పేరు చెక్కి, నలభై వేల సరుకు ఆరు వేలకు ఇస్తామంటేనే అది మోసం. ఖరీదైన పటర్లకు ప్రపంచమంతా నకిలీలున్నాయి. అక్షరాల చెక్కుడులో రంగు బయటికి కారడం, తల కవరు కుట్టు వదులుగా ఉండటం, బిల్లు అడిగితే మాట మార్చడం లాంటి గుర్తులు కనిపిస్తే అక్కడితో ఆపేయాలి. నకిలీకి ఆరు వేలు పెట్టేకంటే పేరులేని అసలుకు రెండు వేలు పెట్టడం మేలు.

బ్లేడా, మ్యాలెటా?

పటర్లలో ప్రధానంగా రెండు ఆకారాలు. సన్నగా పట్టీలా ఉండేది బ్లేడ్. వెనక వైపు అర్ధచంద్రంలానో, చతురస్రంలానో పెద్ద తల ఉండేది మ్యాలెట్. పెద్ద తలలో బరువును దూరదూరంగా పరిచే వీలుంటుంది కాబట్టి మ్యాలెట్ తప్పుల్ని ఎక్కువ క్షమిస్తుంది. పైన గీతలు కూడా పొడవుగా ఉండి గురి పెట్టడం తేలికవుతుంది. కొత్తవాళ్లకు మ్యాలెటే మంచిది. బ్లేడ్ కొంటే తప్పేం లేదు గానీ, దానితో నేర్చుకోవడానికి ఇంకొంచెం ఓపిక కావాలి.

దుకాణంలో అర నిమిషంలో చేయగల పరీక్ష ఒకటుంది. పటర్ కాడను, తల దగ్గరికి వచ్చే చోట, ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ముఖం పైకప్పు వైపు చూస్తూ ఆగితే, అది వెనక్కీ ముందుకీ తిన్నగా ఊపేవాళ్లకు సరిపోతుంది. తల కొస కిందకు వాలితే, గుమ్మం తలుపు తిరిగినట్టు కొంచెం వంపుగా ఊపేవాళ్లకు అది నప్పుతుంది. తమ ఊపు ఏ రకమో తెలియని కొత్తవాళ్లు దీని గురించి బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు. కొంచెం వాలేది ఏదైనా ఇద్దరికీ నడుస్తుంది.

ముఖం పూర్తిగా నిటారుగా ఉండదు, మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. గడ్డిలో బంతి కొద్దిగా కూరుకుని కూర్చుంటుంది కాబట్టి, దాన్ని పైకి లేపి దొర్లించడానికి ఆ వాలు కావాలి. ఇది దాదాపు అన్ని పటర్లలో ఒకేలా ఉంటుంది, అమ్మేవాడు దీన్ని గొప్పగా చెబితే నవ్వి ఊరుకోవచ్చు. ముఖంలో అమర్చే మెత్తటి ప్లాస్టిక్ ముక్క, ఇన్సర్ట్ అంటారు, అది ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. తేడా ఎక్కువగా చప్పుడులోనే.

పొడవు తప్పితే అంతా తప్పే

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. దుకాణాల్లో దొరికే మగవాళ్ల పటర్లు చాలావరకు 34, 35 అంగుళాలు. మన ఇళ్లల్లో అయిదు అడుగుల ఆరంగుళాల మనిషికి 35 అంగుళాల పటర్ ఇస్తే మోచేతులు పైకి లేస్తాయి, లేదా మనిషి బంతికి దూరంగా నిలబడాల్సి వస్తుంది. అప్పుడు గురి సరిగా కనపడదు. తప్పు తనదేననుకుని కుర్రాడు నెలల తరబడి తంటాలు పడతాడు.

చూసుకునే పద్ధతి సులువు. నడుము దగ్గర కొంచెం వంగి, చేతుల్ని భుజాల నుంచి వదులుగా వేలాడనివ్వాలి. ఆ చేతులు ఎక్కడికి వస్తాయో అక్కడే పటర్ పిడి మధ్యభాగం ఉండాలి. తర్వాత ఎడమ కంటి దగ్గర ఒక బంతిని పట్టుకుని కిందకు వదలాలి (కుడిచేతి వాటం వాళ్ల సంగతి ఇది). అది నేల మీద ఉన్న బంతి మీదో, దానికి కొంచెం లోపలి వైపో పడితే పొడవు సరిపోయినట్టే. బాగా లోపల, కాళ్ల వైపు పడిందంటే పటర్ పొడవు ఎక్కువైంది.

ఆ తర్వాత తల అడుగుభాగం చూడాలి. నేల మీద తల బల్లపరుపుగా ఆనాలి. కొస కింద, మడమ కింద ఒక విజిటింగ్ కార్డు దూర్చి చూస్తే తెలిసిపోతుంది. ఒకవైపు కార్డు సులువుగా దూరిపోతే ఆ పటర్ ఆ మనిషికి ఎక్కువ నిటారుగానో, ఎక్కువ వాలుగానో ఉన్నట్టు.

పొడవు ఎక్కువైన పటర్‌ని కోయించవచ్చు. కాడ ఉక్కు గొట్టమే కాబట్టి పిడి తీసేసి, పై చివర హ్యాక్‌సాతోనో పైపు కట్టర్‌తోనో ఒక అంగుళం కోస్తే సరిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో ఈ పని తెలిసినవాళ్లుంటారు. కోసిన తర్వాత తల కొంచెం తేలికైనట్టు అనిపిస్తుంది, ఒక అంగుళానికి ఫర్వాలేదు. రెండు మూడు అంగుళాలు కోసి చిన్నపిల్లలకు ఇస్తే మాత్రం మొత్తం బరువు వాళ్ల చేతులకు ఎక్కువవుతుంది. పిల్లలకు పిల్లల సైజే కొనాలి. ఆడపిల్లలకైతే 32, 33 అంగుళాల పటర్లు విడిగా వస్తాయి. తల వంచమని వెల్డింగ్ షాపుకు మాత్రం ఎవరూ తీసుకెళ్లొద్దు. అచ్చుపోసిన లోహం వంచితే పుటుక్కున విరుగుతుంది.

క్రికెట్‌లో ఎడమచేత్తో బ్యాటింగ్ చేసే పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. గోల్ఫ్‌లో కూడా వాళ్లకు ఎడమ వాటమే కుదురుతుందని చెప్పలేం. దుకాణంలో రెండు వైపులా నాలుగుసార్లు ఊపి చూసి అప్పుడు తేల్చుకోవాలి. ఎడమచేతి పటర్లు తక్కువగా దొరుకుతాయి, తర్వాత అమ్ముకోవడం కూడా కష్టమే.

పాతది కొంటే నామోషీయా?

ఏమాత్రం కాదు. నిజానికి పటర్ లాగా పాతది కొనడానికి అనువైన ఆట సామాను ఇంకొకటి లేదు. క్రికెట్ బ్యాట్ చీలుతుంది, రాకెట్ తీగలు తెగుతాయి, బంతిని గట్టిగా కొట్టే గోల్ఫ్ కర్రల ముఖం మీద గాళ్లు అరిగిపోతాయి. పటర్ బంతిని నెమ్మదిగా తడుతుందంతే. పదేళ్ల నాటి పటర్ ముఖం కూడా కొత్తదానిలా పని చేస్తుంది. కొత్తగా పది పన్నెండు వేలుండే పేరున్న పటర్, పై రంగు కొంచెం పోయిందన్న కారణంతో సగానికంటే తక్కువకు వస్తే, తీసుకోవాల్సింది దాన్నే.

చూడాల్సినవి చూడాలి మరి. కాడను తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసుకుని చూస్తే వంపు ఉంటే కనపడుతుంది. తలను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటే అతుకు బంక విరిగిందని అర్థం. తలను ఒక చేత్తో, కాడను ఒక చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పితే కదలకూడదు. పిడి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తే భయపడక్కర్లేదు, పిడి మార్చుకోవచ్చు. పాతది కోసి తీసి, రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, దాని మీద థిన్నర్ పోసి కొత్త పిడి జార్చేస్తారు. ఇంట్లో చేసుకునేవాళ్లు వంటింటి గ్యాసుకు దూరంగా, మేడ మీద చేయాలి. పిడి పగుళ్లు చూపించి ధర ఇంకో అయిదొందలు తగ్గించమని అడగడం కొనేవాళ్ల హక్కు.

ఎక్కడ దొరుకుతాయి? జుమేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాను మధ్య ఎప్పుడో ఒకసారి ఒంటరి గోల్ఫ్ కర్ర కనపడొచ్చు. అది అదృష్టం, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. అయినా అక్కడ కనపడితే పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడే నిలబడి చేయండి, ఆ కర్ర ఏంటో అమ్మేవాడికే తెలియకపోతే బేరం మీదే. పాత సరుకుకు మంచి దారి గోల్ఫ్ ఆడేవాళ్లే. ఆటగాళ్లు పటర్లు తరచూ మారుస్తారు. పట్ పడకపోతే తప్పు కర్రదే అనుకోవడం వాళ్ల అలవాటు. క్లబ్బుల్లో కోచ్‌లకు, క్యాడీలకు ఎవరి ఇంట్లో ఏ పటర్ మూలన పడుందో తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో పాత సామాను అమ్మే యాప్‌లలో జాగ్రత్త. "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, ముందు అడ్వాన్సు పంపండి" అనే మోసం దేశమంతా తెలిసిందే. డబ్బు 'అందుకోవడానికి' క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే అది కచ్చితంగా మోసం. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మన ఖాతా నుంచి పోతుందే గానీ రాదు. వస్తువు చూసి, చేత్తో పట్టుకుని, అప్పుడే డబ్బివ్వాలి. అప్పటికే పొరపాటు జరిగిపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

చాలా ఇళ్లకు ఇంకో దారి ఉంది. దుబాయ్‌లోనో, దోహాలోనో మామూయో, చాచాయో ఉంటారు. అక్కడ గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి, పాత కర్రలూ దొరుకుతాయి. తెప్పించుకోవచ్చు. కానీ చేతి సామానులో గోల్ఫ్ కర్రను విమానంలోకి రానివ్వరు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. చెక్-ఇన్ సామానులోనే వేయాలి. 34 అంగుళాల కర్ర మామూలు సూట్‌కేసులో నిలువుగా పట్టదు, పెద్ద పెట్టెలో మూలకు మూల పెట్టి, తలకు పాత తువ్వాలు చుట్టాలి. బిల్లు కూడా వెంట ఉంచుకోమని చెప్పాలి. పొడవు కొలిచి పంపకుండా "మంచిదొకటి తెండి మామూ" అంటే, ఆయన తెచ్చే 35 అంగుళాల పటర్ బీరువా వెనక్కే పోతుంది.

అప్పు చేసి మాత్రం వద్దు

కొత్త పటర్ల ధరలు స్థూలంగా ఇలా ఉన్నాయి. నేర్చుకునేవాళ్ల కోసం చేసేవి రెండు మూడు వేల నుంచి మొదలు. పేరున్న కంపెనీలవి పది వేలు దాటుతాయి. పైస్థాయివి నలభై, యాభై వేలు కూడా ఉంటాయి. మూడు వేలకూ పది వేలకూ మధ్య తేడా చేతికి కొంచెం తెలుస్తుంది. పది వేలకూ నలభై వేలకూ మధ్య తేడాను మొదటి ఏడాది ఆటగాడు కనిపెట్టలేడు.

వెబ్‌సైట్లు 'నో కాస్ట్ ఈఎంఐ' అని ఊరిస్తాయి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఇందులో ఒక సంగతి గమనించాలి. చాలా సందర్భాల్లో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు విడిగా పడొచ్చు. అంటే కాగితం మీద వడ్డీ ఉంది, పేరులో లేదు. చేతిలో ఉన్న డబ్బుతో వచ్చే పటర్ చాలు.

ఇంకో తప్పు ఏంటంటే, మొదటే మొత్తం సెట్టు కొనడం. ఒక పటర్, మూడు బంతులు, అంతే. మిగతా కర్రలు నేర్చుకునే చోట అద్దెకు దొరుకుతాయేమో అడగాలి.

మన వైపు ఎక్కడ ఆడాలి?

ఇదే అసలు చిక్కు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి చూస్తే నగరంలో పేరున్న కోర్సులు రెండూ పడమరనే. ఒకటి గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు. కుతుబ్ షాహీల నాటి ముల్లా ఖయాలీ మసీదు, వందల ఏళ్ల నాటి 'హతియాన్ కా ఝాడ్' అనే మహావృక్షం ఉన్న నయా ఖిలా అదే. దేశంలోని ప్రొఫెషనల్ ఆటగాళ్లు ఆడే గోల్కొండ మాస్టర్స్ పోటీ జరిగేది అక్కడే. రెండోది గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య ఉన్న బౌల్డర్ హిల్స్. మొదటిదానికి మెట్రోలో లక్డీకాపూల్ దాకా వెళ్లి మెహదీపట్నం మీదుగా బస్సు పట్టుకోవాలి. రెండోదానికి రాయదుర్గం దాకా మెట్రో ఉంది, అక్కడి నుంచి ఆటో. రానూపోనూ సగం రోజు పోతుంది. సభ్యులు కానివాళ్లను ప్రాక్టీసు గ్రీన్ మీదకు ఏ రోజుల్లో, ఎంత రుసుముతో రానిస్తారో పటర్ కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఈ ఒక్క ఫోన్ చేయకపోవడం వల్లే కొన్న పటర్లు మూలన పడేది.

అయితే ఇంట్లో ప్రాక్టీసు చేయగలిగే గోల్ఫ్ కర్ర పటర్ ఒక్కటే. మొజాయిక్ గచ్చు మీద బంతి ఆగకుండా పరుగెత్తుతుంది, గ్రీన్ వేగానికి దానికి పోలిక ఉండదు. జంపఖానా పరిచి దాని మీద ఆడితే కొంత నయం. (చుట్టి పెట్టిన జానిమాజ్ దగ్గరగా కనపడిందని పిల్లలు దాన్ని లాగకుండా చూడాలి.) గుంట బదులు నాలుగు పది రూపాయల నాణేల వెడల్పులో చాక్‌పీసుతో గుండ్రంగా గీయండి. మొదట మూడు అడుగుల నుంచి వరుసగా ఇరవై వేయాలి. ఒకటి తప్పితే మళ్లీ మొదటి నుంచి. రాత్రి ఇషా తర్వాత మేడ మీద కింది వాటావాళ్లకు చప్పుడు కాకుండా చేసుకోగల ఆట ఇది.

చిన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు

గోల్ఫ్ ధనవంతుల ఆట అనేది చాలావరకు నిజమే. సభ్యత్వాలు, ఫీజులు మామూలు కుటుంబాలకు అందవు. కానీ మన దేశంలో ఈ ఆటను పైకి తెచ్చినవాళ్లలో క్లబ్బు సభ్యుల పిల్లలే లేరు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్లీ గెలిచాడు. 1998లో అదే ట్రోఫీ ఫిరోజ్ అలీకి దక్కింది. ఢిల్లీకే చెందిన రషీద్ ఖాన్ 2014లో ఆసియన్ టూర్‌లో రెండు టైటిళ్లు సాధించాడు.

పటర్ విషయంలో అందరికంటే చెప్పుకోవాల్సింది ఎస్ఎస్‌పీ చౌరాసియా గురించి. కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు. పొడవుగా కొట్టే ఆటగాడు కాదు. గ్రీన్ దగ్గర, గ్రీన్ మీద ఆయన చేతివాటం చూసి తోటి ఆటగాళ్లు 'చిప్‌పట్సియా' అని పేరు పెట్టారు. 2016, 2017లో వరుసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆడపిల్లల సంగతికొస్తే, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంతో పతకం అంచు దాకా వెళ్లిన అదితి అశోక్ కూడా మిగతావాళ్లకంటే తక్కువ దూరం కొడుతూ, పటర్‌తోనే నిలబడింది.

కొనాలని తేల్చుకున్న ఇంటికి సరిపోయే లెక్క ఇది. పాత మ్యాలెట్ పటర్, పెద్దవాళ్లకు 33 లేదా 34 అంగుళాలు, కాడ తిన్నగా, తల గట్టిగా, ధర మూడు వేలలోపు. పది వేలు పక్కన పెట్టుకుంటే మిగిలిన ఏడు వేలు ప్రాక్టీసు గ్రీన్ రుసుముకీ, మెట్రో కార్డుకీ, ఒక కోచ్ దగ్గర నాలుగు పాఠాలకీ వాడాలి. అలా కొన్న పటర్‌ని ఎండలో కారు డిక్కీలో వదలొద్దు, వేడికి పిడి రబ్బరు, అతుకు బంక రెండూ పాడవుతాయి. తల మామూలు ఉక్కుదైతే వానాకాలం తేమకు తుప్పు పడుతుంది, ఆడాక పొడిగుడ్డతో తుడిచి కొబ్బరినూనె ఒక చుక్క రాసి పెడితే చాలు. ఆరు నెలల తర్వాత కుర్రాడికి ఆట మీద మనసు పోతే, అదే పటర్‌ని కొన్న ధరకు అటూఇటూగా ఇంకొకరికి అమ్మేయొచ్చు. బిల్లు, కవరు దాచిపెట్టమని ఇప్పుడే చెప్పండి.